చలిది యన్నము



రాత్రి మిగిలిన యన్నమును మఱునాటి ప్రొద్దున తినుట మన దేశమున నెన్నడు మొదలయ్యెనో చెప్పశక్యము కాదు. కాని దానికి మనవారు పెట్టుకొన్న కట్టుబాట్లు గ్రంథములయందు నిలిచియున్నవి. వానిని చూచినపుడు నాకొక విశేషము తోచినది. పూర్వులు చలిది నొక విధముగా నంగీకరించిరి గాని, దానిని మరల పొయ్యి కెక్కించుటకు సమ్మతింపలేదు. నేడు మన యిండ్లలో జరుగుచున్నది సరిగా దీనికి విపరీతము.

మనుస్మృతి పర్యుషితమును, అనగా రాత్రి నిలువయున్న యన్నమును, నిషేధించినది. భగవద్గీత పదునేడవ యధ్యాయమున నది తామసాహారములలో చేరినది. అయినను మనువే యైదవ యధ్యాయమున పులిసినవి వలదనుచు, పెరుగును, పెరుగువలన పుట్టినవానిని మినహాయించెను. నేయి మొదలగు స్నేహము కలిసినది నిలువయున్నను తినదగుననెను. ఇక వైద్యుడగు వాగ్భటుడు అష్టాంగహృదయ సూత్రస్థానమున, మరల వేడిచేసిన భోజనమును విడువవలసినవానిలో లెక్కించెను. ఆయన సూక్ష్మజీవుల నెఱిగి యట్లు వ్రాసెనని నేననను. అట్లనువారు పలువురు కలరు. వారి యుత్సాహము వారిది.

తెలుగిండ్లలో నీ మినహాయింపు తరవాణి కుండయై వెలసినది. వంటయింటి మూల కుండలో గంజియు, నన్నపు నీరును పోసి పులియనిచ్చి, తీసినకొలది దినదినము క్రొత్తది చేర్చుచుండెడివారు. ఆ పులిసిన నీటిలో మిగిలిన యన్నము వేసి, యుప్పు చేర్చి, ఉదయమున పిల్లలకును పొలము పోవువారికిని పెట్టెడివారు. సంస్కృతమున దీనివంటి పులినీటికి కాంజికము, ఆరనాలకము మొదలుగా నమరకోశమున పెక్కు పేళ్లున్నవి. వానిలో ధాన్యామ్లమను పేరు నాకు మిక్కిలి యిష్టము. ధాన్యమునుండి పుట్టిన పులుపని వస్తుతత్త్వమును చెప్పుచున్నది. పోతనామాత్యుని భాగవతమున గోపబాలురు కుడిచినదియు పెరుగు కలిపిన చలిదియే గాని వెచ్చబెట్టినది కాదు. ఒరియావారి పఖాళము, వంగీయుల పాంతాభాతు, తమిళుల పళయసోఱు నీ జాతివే.

ఇప్పుడు సీమకు పోవుదము. 1971లో నింగ్లండున చీనా భోజనశాలలలో వేపుడన్నము తిన్నవారికి వాంతులు పట్టుకొన్నవి. విచారింపగా, నచటి వంటవారు అన్నము పెద్దమొత్తముగా వండి, చల్లని పెట్టెలో నుంచినచో మెతుకులు ముద్దకట్టునని రాత్రియెల్ల బయటనే యుంచి, మఱునాడు నూనెలో వేపి వడ్డించుచుండిరని తేలినది. దోషము బాసిల్లస్ సెరియస్ అను సూక్ష్మజీవిది. 1887లో ఫ్రాంక్లాండు దంపతులు గోశాల గాలిలో కనుగొన్నది యిదియే. దీని బీజములు మట్టినుండి ధాన్యమును చేరి, యన్నముడికినను చావక నిలుచును. అన్నము గోరువెచ్చగా నున్నపుడు మొలకెత్తి, పెరిగి, సెరులైడ్ అను విషమును విడుచును. ఆ విషము 121 డిగ్రీల వేడిలో 90 నిమిషములుంచినను నశింపదు. మరుగునీటి వేడి 100 డిగ్రీలే గదా! అగ్ని సర్వమును శుద్ధిచేయునను మన నమ్మక మిచట చెల్లలేదు. తిన్న యొకటి మొదలైదు గంటలలో వాంతులు మొదలగును. వాసనవలన గాని రుచివలన గాని యీ విషమును కనిపెట్టలేము.

ఈ జీవికి పులుపు గిట్టదు. తరవాణి చేసిన కావలి యదియే. నేడు తరవాణి కుండ పోయినది. రాత్రి యన్నము తినవచ్చునను పెద్దల యనుమతి మాత్రము మిగిలినది. పులుపు లేని యన్నమును తెల్లవార్లు గిన్నెలో నుంచి, ప్రొద్దున పోపు పెట్టి పులిహోర యనుచున్నారు. నిమ్మరసమప్పుడు పిండిన నేమి లాభము? రాత్రి యేర్పడిన విషమును ఆ రసము తీయలేదు. చలిదికుండలో పచ్చినీరు పోసినంతనే పులుపు రాదు గావున, ఎండకాలమున నదియు నమ్మదగినది కాదు; అన్నము చల్లారగనే పులిసిన పెరుగు తగినంత కలుపవలయును. అట్లు కలిపినను బాగుగా ప్రొద్దెక్కువఱకు నుంచరాదు.

సంతర్పణలలో మిగిలిన యన్నమునుగూర్చి గ్రామపెద్దలు ప్రత్యేకముగా పట్టించుకొనవలయును. గుండిగలో కుప్పగానున్న యన్నము పైన చల్లబడినను నడుమ గంటలకొలది వెచ్చగానే యుండును. ఆ నడిమి వెచ్చదనమే దానికి పుట్టినిల్లు. దానిని గంటలోపల వెడల్పు పళ్లెములలో పలుచగా పఱచి చల్లార్చి, చిన్నగిన్నెలకు మార్చి, 5 డిగ్రీలకు మించని ఫ్రిజ్జులో నుంచవలయును. మఱునాడే, లోపలి మెతుకుకూడ పొగలు గ్రక్కునట్లు ఒక్కమారు మాత్రమే వెచ్చజేసి తినవచ్చును. వాగ్భటుని కాలమున ఫ్రిజ్జు లేదు గనుక, ఇంతమాత్రము సడలింపు ఆయనయు నొసగునని నా నమ్మకము. రాత్రియెల్ల గుండిగలో నున్నదానిని మాత్రము పేదలకు పంచి పుణ్యము కట్టుకొనవలదు. పశువులకు సైతము పెట్టక ఎరువుగుంటలో వేయించుడు.