ఆ బోల్టు తిప్పకండి

టల్సా తుపాకుల సంతలో నడుస్తున్నారు మీరు. ఒక్లహోమా రాష్ట్రం, పెద్ద షెడ్డు, కనుచూపు మేర బల్లలే. ఒక బల్ల చివర, ఎవరూ పట్టించుకోని మూల, పొట్టిగా కోసిన రైఫిల్ ఒకటి పడి ఉంది. తీసి పట్టుకోండి. కర్ర సగం పోయినా చేతికి బరువు తెలుస్తోంది.

త్రీ నాట్ త్రీ! మన ఊళ్లలో కానిస్టేబుళ్ల భుజాన దశాబ్దాల పాటు వేలాడింది ఈ జాతిదే. కోల్‌కతా దగ్గర ఇషాపూర్‌లోనూ వీటిని తయారుచేశారు. ఇది మాత్రం ఇంగ్లండుది. ట్రిగ్గర్ వెనక, భుజానికి ఆనించే బట్ మొదలయ్యే చోట ఇనుము మీద జిడ్డును బొటనవేలితో తుడవండి. కిరీటం కనిపిస్తుంది. దాని కింద ఎన్‌ఫీల్డ్ కర్మాగారం పేరు. ఆ కింద 1913.

ముందు వైపు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. గొట్టం కింద మూతి దాకా ఉండాల్సిన కర్రను, అంటే ఫోర్ఎండ్‌ను, సగానికి రంపంతో కోసేశారు. పైన కప్పే హ్యాండ్‌గార్డ్ లేదు. బాయ్‌నెట్ తగిలించే నోస్‌క్యాప్ లేదు. ఎవరు చేశారీ పని? రెండో ప్రపంచయుద్ధం తర్వాత సైన్యాలకు అక్కర్లేని ఇలాంటి రైఫిళ్లు కారుచౌకగా అమ్ముడుపోయాయి. అడవిలో మోయడానికి తేలిగ్గా ఉంటుందని వేటగాళ్లు కోసుకున్నారు.

అమ్మే ఆయన ధర చెప్పాడు. తక్కువే. అయినా చెయ్యి జేబు దగ్గరికి పోనివ్వకండి. ముందు బోల్టు లాగి, లోపల తూటా లేదని కళ్లతో చూసుకోండి, వేలు పెట్టి తడుముకోండి. తర్వాత రిసీవర్‌ను, అంటే బోల్టు కదిలే ఇనుప భాగాన్ని, పరీక్షించండి. టెలిస్కోపు బిగించడానికి బెజ్జాలు వేశారా? వేసి ఉంటే అక్కడే పెట్టేసి రండి. కర్ర మళ్లీ దొరుకుతుంది, ఆ ఇనుము దొరకదు. లేవు, బాగుంది. గొట్టం కొలవండి. పాతిక అంగుళాల పైచిలుకు, అంటే పూర్తి పొడవు. బోల్టు పిడి వెనక ఉన్న అంకెలు, రిసీవర్ మీది అంకెలు ఒకటే.

బట్ తిప్పండి. కుడివైపు కర్రలో పొదిగిన చిన్న ఇత్తడి బిళ్ల. దాని మీద దళం గుర్తు, ఆయుధం సంఖ్య. తర్వాతి రోజుల్లో సైన్యం ఈ బిళ్లను వదిలేసింది. మీ చేతిలో ఉన్నదానికి మాత్రం ఇంకా ఉంది. పిడి పట్టుకునే చోట కర్ర చెమటకు నల్లబడింది. అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి. ఎవరూ ఉప్పు కాగితం పెట్టలేదు. విలువంతా ఇక్కడే.

ఫోర్ఎండ్, రెండు హ్యాండ్‌గార్డులు, నోస్‌క్యాప్, పట్టీలు, స్ప్రింగులు అన్నీ విడివిడిగా కొంటే ఖర్చు చాలాసార్లు నిండు రైఫిల్ ధరను దాటిపోతుంది. 1940ల నాటిదైతే వదిలేయమంటాను. 1913ది, ఇనుము చెక్కు చెదరనిది, బిళ్ల పోనిది అయితే, నన్నడిగితే ఆ లెక్క పక్కన పెట్టి కొనాలి.

కొన్నారు. నాలుగు బల్లల అవతల రెండు ఫోర్ఎండ్‌లు. ఒకటి శుభ్రంగా, చవగ్గా ఉంది. రెండోది నల్లగా, సొట్టలతో, ధర గుండె గుభేలుమనేలా ఉంది. దాని ఎడమ పక్క తడమండి. వేళ్లకు చదునుగా చెక్కిన గూడు తగులుతుంది. మైలు దూరాన ఉన్న గుంపు మీద దళమంతా ఒక్కసారి కాల్చడానికి ఆ రోజుల్లో అక్కడ ప్రత్యేకమైన సైటు ఉండేది. 1916లో వచ్చిన నమూనాలో దాన్ని తీసేశారు. చవకదానికి ఆ గూడు లేదు. నల్లదే మీది.

ఇప్పుడు ఇంట్లో పనిబల్ల ముందున్నారు. కోసిన కర్ర విప్పేశారు, నల్లదాన్ని ఎక్కించారు. బట్ కదులుతోంది. బిగించాలి. వెనక ఇత్తడి పలకకున్న రెండు స్క్రూలు విప్పారు. బట్ లోపలికి లోతైన బెజ్జం, అడుగున ఎండిపోయిన తోలు బిరడా. కొక్కెంతో లాగితే ముక్కలుగా వస్తోంది. దాని వెనక, బట్‌ను పట్టి ఉంచే బోల్టు తల. పొడవాటి స్క్రూడ్రైవర్ దింపారు. గాడిలో పడింది. మణికట్టు బిగిసింది.

ఆగండి.

ఆ బోల్టు అవతలి కొస నలుచదరం. అది ఫోర్ఎండ్‌లోకి దూరి ఉంది. అక్కడ ఒక ఇనుప రేకు దాన్ని పట్టుకుంది. మీరు తిప్పితే చదరం తిరుగుతుంది. రేకు మెలిపడుతుంది. కర్ర చీలుతుంది. చిన్న చప్పుడు. అంతే.

తిప్పకండి. చెయ్యి తీయండి.

ముందు ఫోర్ఎండ్ దించండి. ఊపకుండా, తిన్నగా కిందికి. ఇప్పుడు దాని వెనక కొసన రెండు చిన్న గట్లు చూడండి. కాల్చినప్పుడు వెనక్కి తన్నే దెబ్బంతా వాటి మీదే పడుతుంది. ఇనుముకు పల్చగా మసి రాసి కర్రను నొక్కి తీయండి. ఎడమ గట్టుకు మసి అంటింది. కుడిదానికి అంటలేదు. ఇలాగే కాలిస్తే బరువంతా ఒక పక్కే మోస్తుంది, పగులుతుంది. కుడి పక్కన గట్టి చెక్క పేడు పల్చగా అతికించండి. ఆరాక మళ్లీ మసి, మళ్లీ నొక్కడం. ఉలితో గీరేది పొడి రాలేంత మాత్రమే.

సొట్టలకు తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనించండి. ఆవిరికి కర్ర ఉబ్బి పైకి లేస్తుంది. ఉప్పు కాగితం తెచ్చారా? బయట పెట్టేయండి. తనిఖీదారుల ముద్రలు వెంట్రుకవాసి లోతున ఉన్నాయి.

ఫోర్ఎండ్ కొసన అంకెలున్నాయి. వేరే రైఫిల్ అంకెలు. మీ రైఫిల్ అంకెలు రంపంతో పాటే పోయాయి. వీటిని చెరిపి మీవి కొట్టుకోవచ్చు, అచ్చులు బజార్లో దొరుకుతాయి. అమ్మేటప్పుడు ధర లేస్తుంది కూడా. అది కొనేవాణ్ని మోసం చేయడమే. అంకెలు అలాగే ఉండనివ్వండి, అమ్మే రోజు వస్తే కర్ర మార్చానని చెప్పండి.

ఇప్పుడు స్క్రూడ్రైవర్ తీసుకోండి. ఫోర్ఎండ్ లేదు కాబట్టి తిప్పండి. బట్ కదలడం ఆగింది. కొసన చదరం ఓరగా ఉంది, మరికాస్త తిప్పండి. నిటారుగా వచ్చింది. ఫోర్ఎండ్ ఎక్కించండి. రేకు చదరం మీదికి జారింది. ట్రిగ్గర్ గార్డు స్క్రూలు బిగించి, పల్చగా అవిసె నూనె పట్టించి పక్కన పెట్టండి. నోస్‌క్యాప్, హ్యాండ్‌గార్డులు ఇంకా వెతకాలి.