రేడియం స్టిక్కర్ కటింగ్: ఏ సాఫ్ట్‌వేర్, ఏ పద్ధతి? ఉర్దూ, తెలుగు అక్షరాల దగ్గర జాగ్రత్తలు

ఆటో వెనుక అద్దం మీద బిస్మిల్లాహ్, హోటల్ గాజు తలుపు మీద హలాల్ అనే మాట, పెళ్లి కారు మీద వధూవరుల పేర్లు, ఇంటి గోడ మీద ఆయతుల్ కుర్సీ. వీటిలో చాలావరకు ప్రింటు చేసినవి కావు, కత్తిరించి అంటించినవి. రంగు ముందే ఉన్న వినైల్ షీటును కంప్యూటర్‌తో నడిచే కటింగ్ ప్లాటర్ అక్షరాల ఆకారంలో కోస్తుంది. మన ఊళ్లలో ఈ పనిని రేడియం కటింగ్ అంటారు. నిజానికి ఇందులో రేడియం ఏమీ లేదు. ఒకప్పుడు చీకట్లో వెలిగే గడియారం ముళ్లకు రేడియం కలిపిన రంగు పూసేవాళ్లు. లైటు పడితే మెరిసే షీటుకు కూడా జనం నోట ఆ పేరే స్థిరపడింది.

తక్కువ స్థలంలో మొదలుపెట్టగలిగే పని కాబట్టి చాలా కుటుంబాల్లో పిల్లలు దీనివైపు చూస్తున్నారు. ఇంట్లోనే చిన్న మెషీన్ పెట్టుకుని బాటిళ్ల మీద పేర్లు, ఈద్ గిఫ్టు డబ్బాల మీద డిజైన్లు చేసి అమ్మే ఆడవాళ్లూ ఉన్నారు. మెషీన్ నడపడం వారంలో వచ్చేస్తుంది. చేతికి త్వరగా రానిది అక్షరం పని, అందులోనూ ఉర్దూ, అరబీ అక్షరం పని.

యంత్రానికి కావాల్సింది గీత

ఫ్లెక్స్ బ్యానర్ ప్రింటర్‌కు ఫొటో ఇస్తే చాలు. కటింగ్ ప్లాటర్‌కు ఫొటో అర్థం కాదు. దానికి బ్లేడు ఎక్కడ మొదలై, ఏ దారిలో వెళ్లి, ఎక్కడ ఆగాలో చెప్పే గీత కావాలి. ఈ గీతల బొమ్మనే వెక్టర్ అంటారు. వాట్సాప్‌లో వచ్చిన లోగోను యథాతథంగా కట్ చేయమంటే షాపువాళ్లు ఒప్పుకోనిది ఇందుకే. ముందు దాన్ని ట్రేస్ చేసి గీతలుగా మార్చాలి.

ఆ గీతల్ని ప్లాటర్‌కు చేరవేసే భాష ఎక్కువ మెషీన్లలో ఇప్పటికీ హెచ్‌పీజీఎల్. హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ పెన్ను ప్లాటర్ల కోసం తయారుచేసిన పాత భాష ఇది. ఇందులో ఒక మిల్లీమీటరు అంటే 40 అడుగులు. పెన్ను ఎత్తు, పెన్ను దించు, ఇక్కడికి జరుగు అన్నంత సాదాగా ఉంటుంది. పెన్ను స్థానంలో బ్లేడు వచ్చింది, అంతే.

మన షాపుల్లో డిజైన్ అంటే దాదాపుగా కోరల్ డ్రానే. అందులో తయారైన ఫైలును ఆర్ట్‌కట్, సైన్‌మాస్టర్, ఫ్లెక్సీ లాంటి కటింగ్ ప్రోగ్రామ్‌లు ప్లాటర్‌కు పంపుతాయి. రోలండ్, గ్రాఫ్‌టెక్ మెషీన్లకు వాటి సొంత ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. కోరల్ కొనే స్తోమత లేనివాళ్లు దొంగ కాపీ వెంట పడాల్సిన పని లేదు. ఇంక్‌స్కేప్ పూర్తిగా ఉచితం, 2003 నుంచి నడుస్తోంది. పైగా ఉర్దూ, తెలుగు యూనికోడ్ అక్షరాలను అది చక్కగా కలుపుతుంది. దానికి ఇంక్‌కట్ అనే మరో ఉచిత ప్రోగ్రామ్ జోడిస్తే చాలా ప్లాటర్లకు నేరుగా కటింగ్ పంపవచ్చు.

ఇంట్లో వాడే క్రికట్, సిల్హౌట్ కేమియో మెషీన్ల సంగతి కొంచెం వేరు. వాటి మామూలు వెడల్పు 12 అంగుళాలు, వాటి సాఫ్ట్‌వేర్ వాటిదే. మన లిపుల విషయంలో ఆ సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడకపోవడమే క్షేమం. అక్షరాలు ఇంక్‌స్కేప్‌లో తయారుచేసుకుని, గీతలుగా మార్చి, ఎస్‌వీజీ ఫైలుగా తీసుకెళ్తే ఏ గొడవా ఉండదు. కేమియో ఉచిత వెర్షన్ ఎస్‌వీజీని తెరవదు, దానికి డీఎక్స్ఎఫ్ ఫైలు ఇవ్వాలి. కొనే ముందే ఇది తెలుసుకోవడం మంచిది.

ఉర్దూ దగ్గర తేడా ఎక్కడ వస్తుంది?

ఉర్దూ పేరు రాయించిన ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకసారి ఇది జరిగే ఉంటుంది. స్టిక్కర్ మీద అక్షరాలు విడివిడిగా, పైగా ఎడమ నుంచి కుడికి వచ్చేస్తాయి. అల్లాహ్ అనే పదం అలిఫ్, లామ్, లామ్, హే నాలుగు ముక్కలై తిరగబడి కనిపిస్తుంది. కుడి నుంచి ఎడమకు రాసే లిపిని, అక్షరాన్ని బట్టి రూపం మార్చుకునే లిపిని గుర్తించని సాఫ్ట్‌వేర్ వల్ల వచ్చే తప్పు ఇది. కోరల్ డ్రాకు ఇలాంటి లిపులు సరిగ్గా కలపడం 2012లో వచ్చిన ఎక్స్6 వెర్షన్ నుంచి వచ్చింది. అంతకంటే పాత వెర్షన్ మీద నడిచే షాపులో ఉర్దూ యూనికోడ్‌ను నేరుగా టైపు చేస్తే ఫలితం ఇలాగే ఉంటుంది. లిపి చదవడం రాని కుర్రవాడికి అందులో తప్పు కనపడదు, అతన్ని తిట్టీ లాభం లేదు.

పాత పద్ధతి ఇన్‌పేజ్. ఢిల్లీకి చెందిన కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ 1994లో తెచ్చిన ఈ ప్రోగ్రామ్‌తోనే ఉర్దూ పత్రికలు, పెళ్లి కార్డులు కాతిబ్ కలం నుంచి కంప్యూటర్‌కు మారాయి. దాని ప్రాణం నూరీ నస్తాలీఖ్. పాకిస్తాన్ ఖత్తాత్ మీర్జా అహ్మద్ జమీల్ 1981లో మోనోటైప్ సంస్థతో కలిసి తీర్చిన ఫాంట్ అది. సుమారు 20 వేల జోడు రూపాలను ఆయన విడివిడిగా రాశారు. ఇన్‌పేజ్‌లో టైపు చేసి, పేజీని ఈపీఎస్ ఫైలుగా బయటికి తీసి కోరల్‌లో తెరిస్తే అక్షరాలు చెదరవు.

ఇప్పుడు యూనికోడ్ నస్తాలీఖ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. జమీల్ నూరీ నస్తాలీఖ్, గూగుల్ వారి నోటో నస్తాలీఖ్ ఉర్దూ ఎక్కువగా వాడేవి. కటింగ్‌లో వీటి మధ్య ఒక తేడా ఉంది. నోటోలో అక్షరాలు ఒక్కొక్కటిగా వచ్చి ఒకదాని మీదికి ఒకటి ఎక్కి అతుక్కుంటాయి. స్క్రీన్ మీద అది ఒకే పదంలా కనిపిస్తుంది. బ్లేడు మాత్రం ప్రతి అక్షరం అంచునూ కోస్తుంది, అతుకుల దగ్గర పదం ముక్కలైపోతుంది. దీనికి మందు వెల్డ్. కోరల్‌లో అయితే కంట్రోల్ క్యూ నొక్కి అక్షరాలను కర్వ్స్‌గా మార్చి, తర్వాత వెల్డ్ చేయాలి. ఇంక్‌స్కేప్‌లో ముందు ఆబ్జెక్ట్ టు పాత్, ఆ తర్వాత యూనియన్. అన్నీ కలిసి ఒకే గీత అయ్యాయో లేదో వైర్‌ఫ్రేమ్ వ్యూలో చూస్తే తెలుస్తుంది. అడ్డంగా పోయే గీత ఒక్కటి కూడా ఉండకూడదు. ఫైలు పంపే ముందు ఈ ఒక్క చూపు చూసుకుంటే సగం నష్టం తప్పుతుంది.

తెలుగుకూ ఇదే వర్తిస్తుంది. అను లాంటి పాత ఫాంట్లలో గుడి, కొమ్ము, ఒత్తు వేర్వేరు ముక్కలుగా వచ్చి అక్షరం మీద పడతాయి. వెల్డ్ చేయకపోతే ఒత్తు ఊడి చేతికొస్తుంది. రామభద్ర, మండలి, ఎన్టీఆర్ వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితమే. దుకాణం పేరుకు బోర్డు మీద రామభద్ర లాంటి లావు అక్షరమే బాగుంటుంది. సన్నని అక్షరం దూరానికి కనపడదు, పీకేటప్పుడు చిరుగుతుంది.

ఇక్కడ ఒక మాట. పేరున్న కాతిబ్ చేతిరాత ముందు ఏ ఫాంటూ నిలవదు. హైదరాబాద్ ఛత్తా బజార్ ప్రాంతంలో ఖత్తాతీ తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లతో తగిన మజూరీ ఇచ్చి నల్ల ఇంకుతో రాయించి, 600 డీపీఐలో స్కాన్ చేసి ట్రేస్ చేస్తే గోడ మీద బ్రతికున్న అక్షరం వస్తుంది. ట్రేస్‌లో అనవసరంగా వచ్చే వందల బిందువులను తగ్గించుకోవాలి, లేదంటే కోత రంపం పళ్లలా వస్తుంది. నెట్‌లో దొరికిన ఎవరిదో ఖత్తాతీని అడగకుండా కోసి అమ్ముకోవడం మాత్రం సరికాదు.

బ్లేడు, ఒత్తిడి

వినైల్ షీటు రెండు పొరలు. పైన రంగు పొర, కింద మైనం లాంటి పూత ఉన్న కాగితం. బ్లేడు పై పొరను పూర్తిగా కోయాలి, కింది కాగితాన్ని తాకీ తాకనట్టు ఉండాలి. మామూలు వినైల్‌కు 45 డిగ్రీల బ్లేడు, మందంగా ఉండే రేడియం షీటుకు 60 డిగ్రీలది వాడతారు. ఒత్తిడిని గ్రాముల్లో చెబుతారు. చాలా మెషీన్లలో మామూలు షీటుకు 80 నుంచి 120 గ్రాముల మధ్య సరిపోతుంది. బ్లేడు మొన దాని నడిమధ్యలో ఉండదు, సాధారణంగా 0.25 మిల్లీమీటర్ల పక్కకు ఉంటుంది. ఆఫ్‌సెట్ అంటే ఇదే. అది తప్పితే మూలలు గుండ్రంగా వస్తాయి లేదా చివర కొక్కెంలా తేలుతుంది.

లెక్క ఏదైనా, ప్రతి కొత్త రోలుకూ చిన్న చతురస్రం కోసి పీకి చూడాలి. కాగితం వెనుక వేలితో తడిమితే గీత తెలిసిందంటే ఒత్తిడి ఎక్కువైనట్టే.

షీటు ఎంపికలో కక్కుర్తి పడితే ఏడాదిలోనే అంచులు లేస్తాయి. ఒరాకల్ 651 రకం బయటి బోర్డులకు, వాహనాలకు. 631 రకం లోపలి గోడలకు, తర్వాత పీకినా రంగు పెద్దగా ఊడదు. కారు వంపుల మీద అయితే కాస్ట్ వినైల్ వాడాలి, మామూలు షీటు ముడుచుకుంటుంది.

చుక్క పోతే

కోత అయ్యాక అక్కర్లేని భాగాన్ని పీకేయడాన్ని వీడింగ్ అంటారు, పొలంలో కలుపు తీసినట్టు. హుక్కుతో ఒక మూల ఎత్తి, షీటును వెనక్కి మడిచి, నెమ్మదిగా లాగాలి. నిలువుగా పైకి లాగితే చిన్న ముక్కలు దానితో పాటే లేచి వచ్చేస్తాయి.

ఆ చిన్న ముక్కలే ఇక్కడ ప్రాణం. బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్ మొత్తంలో, జేర్ జబర్లు వదిలేస్తే, నుక్తాలు నాలుగే. బే కింద ఒకటి, నూన్‌కు ఒకటి, యేకు రెండు. ఒకటి లేచిపోయినా వాక్యం చెడుతుంది. పీకకుండా మిగిలిపోయిన చిన్న వినైల్ తునక ఇంకా ప్రమాదం. రహీమ్ లోని హే కడుపులో ఒక చుక్క నిలిచిపోతే అది జీమ్ అవుతుంది, కరుణామయుడు అనే మాట శైతాన్‌కు వాడే రజీమ్ అయిపోతుంది. ఉర్దూలో ఖుదా, జుదా మధ్య తేడా ఒక్క నుక్తా స్థానమే. తెలుగులో కూడా ధ కింది చిన్న గీత పోతే ద మిగులుతుంది గానీ, చదివేవాడు సర్దుకుంటాడు. ఆయతు దగ్గర సర్దుబాటు ఉండదు.

రెండు మిల్లీమీటర్ల కంటే చిన్న చుక్కలు తరచుగా లేచిపోతాయి కాబట్టి, అంత సైజులో ఆయతు అడిగితే కాదని చెప్పడమే నిజాయితీ. కోయడానికి ముందు మూలప్రతి పక్కన పెట్టుకుని నుక్తాలు లెక్కపెట్టాలి, పీకాక మళ్లీ లెక్కపెట్టాలి. షాపులో లిపి తెలిసినవాళ్లు లేకపోతే ఫైలును హాఫిజ్ సాబ్‌కు చూపించి ఒప్పించుకోవాలి. ఆర్డర్ ఇచ్చే ఇంటివాళ్లు కూడా అంటించే ముందు ఒకసారి చదవాలి.

అద్దం లోపలి నుంచి అంటించి బయటికి కనిపించాల్సిన స్టిక్కర్‌ను మిర్రర్ చేసి కోయాలి. బయటి నుంచి అంటించేదాన్ని చేయకూడదు. చదవడం రానివాళ్ల చేతిలో ఎక్కువగా తారుమారయ్యేది ఇదే.

తప్పు కోత పడిన ఆయతును చెత్తబుట్టలో వేయడానికి మనసొప్పదు. కాల్చడం కూడా తగదు, వినైల్ అంటే పీవీసీ, కాలితే ఊపిరితిత్తులకు హాని చేసే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. ఇదే కారణంగా వినైల్‌ను లేజర్ మెషీన్‌లో పెట్టకూడదు. కొందరు షీటు మీదే అక్షరాలను అడ్డదిడ్డంగా కోసి పదం మిగలకుండా చేస్తారు. మస్జిదులో పాత పేజీల కోసం పెట్టిన డబ్బా ఉంటే అందులో వేయవచ్చా అని అక్కడి ఇమామ్ సాబ్‌ను అడగడం మంచిది.

అంటించడం

పైన ట్రాన్స్‌ఫర్ టేపు వేసి, కాగితం ఊడదీసి, అద్దానికి ఆనించి స్క్వీజీతో నడుమ నుంచి అంచులకు రుద్దుతారు. అద్దాన్ని ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. మెరుపు కోసం కొట్టే సిలికాన్ పాలిష్ ఉంటే జిగురు పట్టదు. పెద్ద స్టిక్కర్‌కు నీళ్లలో రెండు చుక్కల షాంపూ కలిపి చల్లితే జరుపుకోవచ్చు, ఆరాకే టేపు తీయాలి. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన కారు మీద ఈ పని పెట్టుకోవద్దు, షీటు సాగిపోతుంది. పొద్దున్నే నీడలో చేయాలి. జిగురు పూర్తిగా పట్టడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, అప్పటిదాకా కారు కడగకూడదు.

టీషర్టుల మీద వేసే వినైల్ వేరు. దాన్ని ఎప్పుడూ మిర్రర్ చేసి కోయాలి, 150 నుంచి 160 డిగ్రీల వేడిలో 10, 15 సెకన్లు ప్రెస్ చేయాలి. పాలిస్టర్ జెర్సీకి వేడి తగ్గించాలి, లేకపోతే గుడ్డ రంగు పైకి ఊరుతుంది.

ఆదాయం సంగతి చూస్తే, ఒకప్పుడు ఈ షాపులకు రోజూ తిండి పెట్టింది నంబర్ ప్లేట్లు. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త వాహనాలు హై సెక్యూరిటీ ప్లేటుతోనే వస్తున్నాయి కాబట్టి ఆ పని తగ్గిపోయింది. దాన్ని నమ్ముకుని ఇప్పుడు మెషీన్ కొంటే అప్పే మిగులుతుంది. దుకాణాల గాజు తలుపులు, స్కూలు బస్సుల పేర్లు, ఇంటి గోడ డిజైన్లు, గిఫ్టు వస్తువులు ఇప్పుడు నడుస్తున్న పనులు. నస్తాలీఖ్ తప్పు లేకుండా కోసే షాపుకు ఊళ్లో పోటీ తక్కువ.

పాత స్టిక్కర్ తీసేటప్పుడు బ్లేడుతో గీకకుండా హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి మూల నుంచి వాల్చి లాగాలి. మిగిలిన జిగురును కొంచెం వంటనూనె రాసి నానబెట్టి తుడిచేస్తే పోతుంది, ఆ తర్వాత సబ్బు నీళ్లతో కడగాలి.