యూఎఫ్‌వోలపై రహస్య విచారణ: అమెరికా దాచిన బెలూన్.. హైదరాబాద్ ముందే చెప్పే బెలూన్

రాత్రిపూట కొండల మీద గుండ్రటి వెలుగు కదులుతూ కనిపిస్తే చాలు.. రాజవొమ్మంగిలోనైనా, మహానగరంలోనైనా వచ్చే అనుమానాలు రెండే. అది ఎగిరే పళ్లెమా? ప్రభుత్వం తెలిసీ దాస్తోందా?

రెండో అనుమానం ఊరికే పుట్టింది కాదు. 1947లో అమెరికాలోని రోస్‌వెల్ దగ్గర వింత శకలాలు దొరికాయి. సైన్యం ముందు 'ఎగిరే పళ్లెం' అంది, వెంటనే మాట మార్చి వాతావరణ బెలూన్ అంది. అసలు సంగతి 1994లో గానీ బయటికి రాలేదు. సోవియట్ అణు పరీక్షల జాడ పట్టడానికి వదిలిన 'ప్రాజెక్ట్ మొగల్' రహస్య బెలూన్ అది. దాచిన మాట నిజమే, దాచింది మాత్రం గ్రహాంతరవాసుల్ని కాదు.

తర్వాత 'ప్రాజెక్ట్ బ్లూ బుక్' 1969 వరకు సాగింది. మొత్తం 12,618 కేసుల్లో 701 తేలలేదు. 60 వేల అడుగులకు పైన ఎగిరిన యూ-2 గూఢచారి విమానాలను చూసి జనం యూఎఫ్‌వోలనుకున్నారని సీఐఏనే తర్వాత ఒప్పుకుంది. విచారణాధికారుల్లో కొందరికి ఆ గుట్టు తెలిసినా నోరు విప్పే వీల్లేదు. ఇక పుకార్లు పుట్టక ఏమవుతాయి?

మన సైన్యమూ తికమక పడింది. 2012-13లో లద్దాఖ్ సరిహద్దులో చైనా డ్రోన్లని అనుమానించిన వెలుగులు.. ఖగోళ శాస్త్రవేత్తలు చూస్తే శుక్రుడు, గురుడు!

ఇక మన దగ్గరి సంగతి. హైదరాబాద్‌లోని టీఐఎఫ్ఆర్ బెలూన్ కేంద్రం పరిశోధనల కోసం భారీ హైడ్రోజన్ బెలూన్లను 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు పంపుతుంది. పని ముగిశాక పరికరాలు పారాచూట్లతో విశాఖ-హైదరాబాద్-సోలాపూర్ రేఖ వెంబడి ఎక్కడో దిగుతాయి. మ్యాప్‌లో ఆ గీత గీస్తే రాజవొమ్మంగి దగ్గర్లోంచే పోతుంది. 2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్ల పొలాల్లో ఇలాగే ఒక పెద్ద క్యాప్సూల్ దిగితే ఊరంతా పరుగెత్తింది. చూస్తే స్పెయిన్ కంపెనీ హాలో స్పేస్ పరీక్ష కోసం పంపింది. గుట్టు గంటల్లోనే వీడిపోయింది. రోస్‌వెల్‌కు 47 ఏళ్లు పట్టింది.

తేడా ఒక్కటే.. ఇక్కడ బెలూన్లు వదిలే ముందే ప్రకటన ఇస్తారు. అలాంటిదేదైనా కనిపిస్తే ముట్టుకోకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో, పోస్టాఫీసుకో, కలెక్టర్‌కో చెప్పాలి. కొన్ని పరికరాల్లో హై వోల్టేజ్ ఉంటుంది. పైగా విప్పితే అందులోని సమాచారం మొత్తం పోతుంది.