జెఫ్రీ గోర్డన్

జెఫ్రీ ఐవన్ గోర్డన్ (జననం 1947) అమెరికన్ వైద్య శాస్త్రవేత్త. మిస్సోరీ రాష్ట్రం సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. బిడ్డ పేగుల్లోని సూక్ష్మజీవుల సమూహం కూడా బిడ్డతోపాటే ఎదగాలనీ, ఆ ఎదుగుదల వెనకబడితే పోషకాహార లోపం ఒక పట్టాన వదలదనీ చూపించిన పరిశోధనలకు ప్రసిద్ధుడు.

పుట్టింది న్యూ ఆర్లియన్స్‌లో. ఓబర్లిన్ కళాశాలలో పట్టా (1969), చికాగో విశ్వవిద్యాలయంలో వైద్యపట్టా (1973) పొందారు. మొదట్లో ఆయన ఆసక్తి పేగు లోపలి పొర ఎలా తయారవుతుందన్న దాని మీదే. సూక్ష్మజీవి అంటూ ఒక్కటీ సోకకుండా ప్రత్యేక గదుల్లో పెంచిన ఎలుకలకు ఒకే ఒక్క జాతి బాక్టీరియాను ఎక్కించి, పేగు కణాల్లో వచ్చే మార్పును గమనించిన ప్రయోగం (1996) ఆయన దారి మళ్లించింది. 2004లో ఇలాంటి ఎలుకలకే మామూలు ఎలుకల పేగు సూక్ష్మజీవులను ఎక్కిస్తే, రెండు వారాల్లో ఒంట్లో కొవ్వు సుమారు 60 శాతం పెరిగింది. అవి తిన్నది మాత్రం మునుపటి కంటే తక్కువే! ఊబకాయం మీద పేరు తెచ్చిన ఈ ఫలితమే తర్వాత ఆయనను తిరగేసి ఆలోచింపజేసింది: తిన్నది ఒంటపట్టడంలో సూక్ష్మజీవుల పాత్ర ఇంతుంటే, ఒంటపట్టని పిల్లల మాటేమిటి?

ఈ ప్రశ్నకు హైదరాబాద్‌తో సంబంధమున్న పాత చరిత్ర ఒకటుంది. కాళ్లూ ముఖమూ నీరు పట్టే క్వాషియార్కర్‌కు మాంసకృత్తుల కొరతే కారణమని అందరూ నమ్ముతున్న రోజుల్లో, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు సారథ్యం వహించిన సి. గోపాలన్ దాన్ని ప్రశ్నించారు. ఇంచుమించు ఒకే రకం తిండి తినే పిల్లల్లో కొందరు ఎముకల గూడై మరాస్మస్ పాలబడితే, కొందరికి క్వాషియార్కర్ ఎందుకొస్తుందన్నది ఆయన సందేహం. శరీరం సర్దుబాటు కావడంలోని తేడాలో ఆయన జవాబు వెతికారు. సూక్ష్మజీవులు అప్పటికి లెక్కలో లేవు.

గోర్డన్ బృందం ఆఫ్రికాలోని మలావీలో 317 కవల జంటలను మూడేళ్ల వయసు దాకా గమనించింది (2013). దాదాపు సగం జంటల్లో ఇద్దరూ బాగానే పెరిగారు. 43 శాతం జంటల్లో మాత్రం ఒకరు చిక్కిపోతే రెండోవారు బాగున్నారు. ఇల్లూ తల్లీ తిండీ ఒకటే. జబ్బుపడిన బిడ్డ మలంలోని సూక్ష్మజీవులను ఎలుకలకు ఎక్కించి, మలావీ పల్లెల తిండే పెడితే అవి బాగా బరువు తగ్గాయి. ఆ తిండి ఒక్కటే గానీ ఆ సూక్ష్మజీవులు ఒక్కటే గానీ అంత నష్టం చేయలేదు. రెండూ కలిస్తేనే కీడు.

తర్వాతి అడుగు బంగ్లాదేశ్‌లో. ఢాకాలోని మీర్‌పూర్ మురికివాడ పిల్లలను, అక్కడి అతిసార వ్యాధుల పరిశోధన కేంద్రంలో తహమీద్ అహ్మద్ బృందంతో కలిసి పరిశీలించారు. ఆరోగ్యవంతులైన పిల్లల్లో ఏ నెలకు ఏ బాక్టీరియా ఎంత ఉండాలో ఒక కొలత తయారుచేశారు (2014). దాన్నిబట్టి చూస్తే, తీవ్రంగా చిక్కిన బిడ్డల పేగు సమూహం వయసుకు తగ్గట్టు ముదరలేదు. చికిత్సలో ఇచ్చిన ప్రత్యేకాహారంతో కొంత పుంజుకున్నా, ఆపగానే మళ్లీ వెనకబడింది.

సూక్ష్మజీవులకు కావలసిన తిండి ఏదన్న వెతుకులాట చివరకు శనగపిండి, సోయాపిండి, వేరుశనగ, పచ్చి అరటికాయ దగ్గర ఆగింది. మన వంటింట్లో కొత్తగా కొనాల్సిందేమీ లేదు. ఏది ఎంత పాళ్లలో అన్నదే కిటుకు. 12 నుంచి 18 నెలల పిల్లల మీద మూడు నెలలు జరిపిన పరీక్షలో (2021) ఈ మిశ్రమాన్ని బియ్యం, పప్పు, పాలపొడితో చేసిన వాడుక ఆహారంతో పోల్చారు. కేలరీలు తక్కువే అయినా బరువు పెరుగుదలలో కొత్త మిశ్రమానిదే పైచేయి. తేడా కొండంత కాదు గానీ, దిశ స్పష్టం. పెరుగుదలకూ, ఎముకల, నాడీమండలపు ఎదుగుదలకూ సంబంధించిన రక్తంలోని ప్రోటీన్లూ అదే దిశలో మారాయి.

గోర్డన్‌కు కోప్లీ పతకం (2018), బాల్జాన్ బహుమతి (2021), ప్రిన్సెస్ ఆఫ్ అస్టురియాస్ పురస్కారం (2023) దక్కాయి. ఆయన ప్రయోగశాలలో పనిచేసిన జస్టిన్ సొనెన్‌బర్గ్, రూత్ లే, పీటర్ టర్న్‌బా ఈ రంగంలో సొంత పేరు తెచ్చుకున్నారు. 2024లో వెలువడిన అధ్యయనంలో, పిల్లలకిచ్చిన ఆ కొత్త మిశ్రమంలోని సంక్లిష్ట పిండిపదార్థాలను విరగ్గొట్టే ప్రివొటెల్లా కోప్రి అనే బాక్టీరియా రకాలకూ పిల్లల బరువు పెరుగుదలకూ ఉన్న సంబంధాన్ని ఆయన బృందం వివరించింది.