నాడెయు చేతిఫోనును

భివండి రోడ్ స్టేషనులో బండి కదలగానే నిలుచున్నవారు వెనుకకు తూలుట మనమందఱము ఎఱిగినదే. బండి ముందునకు పోవుచుండగా మనమేల వెనుకకు తూలవలెను? మన శరీరము ఉన్నచోటనే యుండగోరును. కాళ్లక్రింది పలక మాత్రము ముందునకు జరిగిపోవును. బండి ఒకే వేగము నందుకొనిన పిమ్మట ఆ తూలుడు లేదు. నేటి చేతిఫోనులో కదలికను పసిగట్టు పరికరము పనియు ఇట్టిదే. అది వేగము నెఱుగదు; వేగములోని మార్పునే, అనగా త్వరణమునే యెఱుగును.

ఈ విద్య మన నేతవారి చేతులకు క్రొత్తది కాదు. బ్రతుకుదెరువునకై తెలంగాణమునుండి భివండికి వచ్చి పద్మనగరమున స్థిరపడిన మనవారు గుంటమగ్గమును విడిచి సాంచాల నడుమ నిలిచిరి. పూర్వము నాడెను ఒక చేతినుండి మఱియొక చేతికి అందించుకొనెడివారు. వెడల్పైన బట్టకు ఇద్దఱు మనుష్యులు కావలసి వచ్చెడిది. 1733 లో ఇంగ్లండున జాన్ కే యనునతడు త్రాడు లాగినంతనే నాడె పరుగిడు ఉపాయము కనిపెట్టెను. 1785 లో కార్ట్‌రైట్ మరమగ్గమునకు పేటెంటు పొందెను. వారికి ముందే, 1687 నాటి తన గ్రంథమున న్యూటను బలమునకును చలనమునందలి మార్పునకును గల సంబంధమును స్థాపించి యుండెను. వస్తువు ద్రవ్యరాశిని త్వరణముతో గుణించిన వచ్చునదే బలము.

గుమాస్తాలము గనుక మాకు లెక్క వేయనిదే తోచదు. నాడె 400 గ్రాములనుకొందము. కఱ్ఱ దెబ్బకు అది 20 సెంటీమీటర్ల దూరములోనే సెకనుకు 10 మీటర్ల వేగము నందుకొనినచో, త్వరణము సెకనుకు సెకనుకు 250 మీటర్లు. ఇది భూమ్యాకర్షణకు ఇంచుమించు 25 రెట్లు. దానికి కావలసిన బలము 100 న్యూటనులు, అనగా పది కిలోల బరువు మోపినంత. పేకపోగు పోగునకును ఈ దెబ్బ పడవలసినదే!

ఇక ఫోను సంగతి. త్వరణమును కొలుచు పరికరమును అమెరికాలో మెక్కల్లం, పీటర్సు అనువారు 1923 లో వెలువరించిరి. 1979 లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున రాయిలాన్సు, ఏంజెలు అనువారు దానిని సిలికాను బిళ్లపై చెక్కిరి. 1990 ల నుండి అట్టి బిళ్లలు మోటారుకారులలో గుద్దుడును పసిగట్టి గాలిసంచిని విప్పుటకు ఉపయోగపడెను. 2007 లో ఐఫోనుతో ఇది జనసామాన్యపు జేబులలోనికి విరివిగా చేరెను. లోపల కంటికానని చిన్న సిలికాను తునక సన్నని స్ప్రింగులపై వ్రేలాడుచుండును. ఫోను కదలినపుడు, బండిలో మనవలెనే, ఆ తునక వెనుకబడును. స్ప్రింగు వంగును. తునకకును ప్రక్కనున్న పలకలకును నడిమి ఎడము మాఱగా విద్యుత్తులో కలుగు మార్పును ఫోను చదువును.

ఇందొక వింత కలదు. బల్లపై కదలక పడియున్న ఫోనులోని పరికరము సున్న చూపదు, 9.8 చూపును. బల్ల దానిని పైకి మోయుచున్నది గదా! ఆ మోత ఏ దిక్కుగా నున్నదో గ్రహించియే ఫోను తెరపై బొమ్మను నిలువుగానో అడ్డముగానో త్రిప్పును. చేజారి క్రింద పడుచున్నంతసేపు మాత్రము దాదాపు సున్నయే చూపును. పడువాడిని మోయువాడెవడు?

మేము గుమాస్తాగా నున్న ఒక కార్ఖానాలో ఒకనాడు నాడె దారి తప్పి ఎగిరి ఒక కుఱ్ఱవాని కణతకు తగిలెను. నాడెకు అడ్డుగా నుండవలసిన ఇనుపకడ్డీ ఆ సాంచాకు లేదు. రిజిస్టరులో కారణము అను గడియందు "పనివాని అజాగ్రత్త" అని వ్రాయుమనిరి, వ్రాసితిమి. సెకనుకు 10 మీటర్లతో వచ్చు వస్తువు ఒక మీటరు దూరమునుండి కణతను చేరుటకు సెకనులో పదవవంతు చాలును. రెప్పపాటు అంతకంటె ఎక్కువ కాలము పట్టును. ఆ భాగహారము అప్పుడును మాకు వచ్చును; చేయలేదు. ఈ నడుమ మనుమడు తన ఫోనును సాంచాపై పెట్టి కొలుతునని ఉబలాటపడగా వలదంటిమి. అట్టి పరికరములు సాధారణముగా 16 రెట్ల భూమ్యాకర్షణ వరకే కొలుచును. మా లెక్క ప్రకారము నాడె దెబ్బ దానిని మించినది.