డిస్కు వెనక తుప్పు

విజయవాడ ఆటోనగర్. పొద్దున తొమ్మిది దాటింది. లారీ బాడీలు కట్టే షెడ్లలో సుత్తి దెబ్బలు, వెల్డింగు చిటపటలు మొదలయ్యాయి. 1960ల నుంచీ ఈ వీధులకు ఇదే సుప్రభాతం. ఓ సందు మలుపులో, రేకుల షెడ్డు ముందు, ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీ ఆగి ఉంది. వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టారు. మేస్త్రి ఇంకా జాకీ ముట్టుకోలేదు. బండి నేల మీద ఉండగానే ముందు చక్రం నట్లు ఆరూ ఒక్కో అర చుట్టు వదులు చేస్తున్నాడు. గాల్లోకి లేపాక ఆ బలం పెడితే బండి జాకీ మీంచి జారిపోతుంది.

"కొండ మీంచి దిగుతుంటే స్టీరింగు ఒకటే వణుకుడు మేస్త్రీ," అంటున్నాడు ఓనరు.

"బ్రేకు తొక్కినప్పుడేనా అండీ? ఎనభైలో ఊరికే పోతున్నప్పుడు కూడానా?"

"తొక్కినప్పుడే."

"అయితే వీల్ బ్యాలెన్సింగు కాదు. డిస్కులు చూడాలి."

కొండ అంటే తిరుమల. దిగే దారి 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు. ఏడుగురు మనుషులు, పైన సామాను కలిపితే ఈ బండి రెండున్నర టన్నులకు తక్కువ తూగదు. అంత బరువు దాదాపు ఏడు వందల మీటర్ల ఎత్తు దిగాలి. చిన్న గేర్లో ఇంజను చేత పట్టించకుండా బ్రేకుల మీదే దింపుకొస్తే, పుట్టే వేడి యాభై లీటర్లకు పైగా నీళ్లను మరిగించగలదు. దిగేటప్పుడు బరువంతా ముందుకు ఒరుగుతుంది కాబట్టి ఆ వేడిలో పెద్ద వాటా ముందు రెండు డిస్కులదే.

బండి లేచింది. జాకీని నమ్ముకోకుండా ఛాసిస్ కింద స్టాండు పెట్టాకే మేస్త్రి చక్రం లాగాడు. డిస్కు అంచున గోరు ఆనేంత గట్టు కట్టింది. ప్యాడు తగలని చోట ఇనుము అలాగే మిగిలి, తగిలిన చోట అరిగిపోయింది. లోపల నల్లటి దుమ్ము మేట వేసింది. కుర్రాడు ఎయిర్ గన్ అందుకోబోయాడు.

"గాలి కొట్టకురా. ఆ దుమ్ము నీ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. క్లీనరు స్ప్రే చేసి గుడ్డతో తుడువు."

తడిసిన దుమ్ము సిరాలా కింది ట్రేలోకి కారింది. ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్ బోల్టులు ఊడాయి. కాలిపర్‌ను బ్రేకు హోసుకు వేలాడదీస్తే హోసు లోపల చిట్లుతుంది. అందుకే మేస్త్రి ఇనుప తీగతో దాన్ని స్ప్రింగుకు కట్టాడు. పాత ప్యాడ్లు రెండూ అరచేతిలో పక్కపక్కన పెట్టి చూపించాడు. బయటి ప్యాడు మీద ఇంకా అయిదు మిల్లీమీటర్ల మందం ఉంది. లోపలిది రెండుకి వచ్చేసింది.

"ఒకే చక్రం, ఒకే పెడలు. ఎందుకీ తేడా?" ఓనరు అడిగాడు.

మేస్త్రి కాలిపర్ గైడు పిన్ను పట్టుకు లాగాడు. రాలేదు. మెలితిప్పితే కిర్రుమంటూ వచ్చింది. గ్రీజు ఎండి గోధుమ రంగు జిగురైపోయింది. కాలిపర్ ఈ పిన్నుల మీద అటూ ఇటూ జరగాలి. జరగకపోతే పిస్టను వైపున్న లోపలి ప్యాడే పనంతా చేస్తుంది. కాలు తీసినా అది డిస్కును పూర్తిగా వదలదు. అరుగుదల, వేడి అక్కడే పోగుపడతాయి.

ఇప్పుడు డిస్కు వంతు. చూడ్డానికి అద్దంలా మెరుస్తోంది. ఇక్కడ మాత్రం మేస్త్రి కంటిని నమ్మడు. మైక్రోమీటరుతో డిస్కు చుట్టూ ఎనిమిది చోట్ల మందం కొలిచాడు. ఒకచోట 25.74, ఇంకోచోట 25.69. కొత్తప్పుడు 28 మిల్లీమీటర్లు. 26కి తగ్గితే మార్చేయమని డిస్కు మీదే పోత పోసి ఉంది. లేత్ పట్టించి సరిచేసే దశ దాటిపోయింది.

"అందరూ డిస్కు వంగిందంటారు సార్. చాలాసార్లు వంగదు. ఒకచోట దళసరి, ఒకచోట పల్చన అవుతుంది. దళసరి చోటు వచ్చినప్పుడల్లా పిస్టన్ వెనక్కి తన్నుతుంది. అదే మీ చేతికి తెలిసిన వణుకు."

వందో వంతు మిల్లీమీటర్లలో ఉన్న ఈ తేడా అంత బండినీ ఊపేస్తోంది. మరి ఆ తేడా ఎక్కణ్నుంచి వచ్చింది? జవాబు డిస్కు వెనక ఉంది. డిస్కు, తాను కూర్చునే హబ్‌కు తుప్పుతో అతుక్కుపోయి ఉంది. సుత్తి తీసుకోకుండా, డిస్కు మీద మరలు కోసిన రెండు రంధ్రాల్లో రెండు బోల్టులు పెట్టి, ఇటు పావు చుట్టు, అటు పావు చుట్టు తిప్పుకుంటూ పోయాడు మేస్త్రి. టక్‌మని శబ్దం. డిస్కు ఊడి అతని చేతుల్లోకి వచ్చింది.

దగ్గరికి వంగి చూడండి. హబ్ ముఖం మీద, స్టడ్ల మధ్య, ఎర్రటి తుప్పు పెచ్చులు కట్టి ఉంది. కొన్నిచోట్ల వేలితో గీకితే పొడి, కొన్నిచోట్ల రాయిలా గట్టి. దీని మీద కొత్త డిస్కు ఎక్కిస్తే అది వెంట్రుకవాసి వంకరగా కూర్చుంటుంది. ఇక్కడి వెంట్రుకవాసి అంచుకు చేరేసరికి ఇంకా పెరుగుతుంది. ప్రతి చుట్టులోనూ అదే చోటు ప్యాడును రాసుకుంటుంది. కొన్ని వేల కిలోమీటర్లకు అక్కడ పల్చబడి వణుకు మళ్లీ మొదలవుతుంది. అప్పుడు అందరూ తిట్టేది కొత్త డిస్కును.

వైరు బ్రష్షు, ఆపైన ఎమ్రీ పేపరు. స్టడ్ల మొదళ్ల దగ్గర బ్రష్షు పోని సందుల్లో చిన్న గీకుడు బిళ్ల. ఇరవై నిమిషాలు షెడ్డులో ఎవరూ మాట్లాడలేదు. తుప్పు కింద తెల్లటి ఇనుము బయటపడేదాకా మేస్త్రి తల ఎత్తలేదు.

కొత్త డిస్కుకు తుప్పు పట్టకుండా పూసిన నూనెను కుర్రాడు క్లీనరుతో కడిగాడు. అది మిగిలితే ప్యాడు తాగేస్తుంది. డిస్కు ఎక్కించి, నట్లు బిగించి, డయల్ గేజి ముల్లు అంచుకు ఆనించి మెల్లగా తిప్పారు. ముల్లు 0.03 దగ్గర ఊగి ఆగింది. 0.05 లోపే ఉండాలని మేస్త్రి పెట్టుకున్న గీత. తల ఊపాడు.

పిన్నులకు బ్రేకుల కోసం చేసిన గ్రీజే పూశాడు. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది. సి క్లాంపుతో పిస్టన్లు వెనక్కి నెడుతుంటే కుర్రాడు బ్రేకు ఆయిల్ డబ్బా మూత తీసి మట్టం చూస్తున్నాడు. పైకి పొంగితే పెయింటు పోతుంది. ఆ ఆయిలూ నల్లబడింది. డాట్ 4 ఆయిల్ కొత్తప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు. గాల్లో తేమ పీల్చుకున్నాక 155కే మరగొచ్చు. ఘాట్ రోడ్డు మధ్యలో మరిగితే పెడలు మెత్తగా లోపలికి దిగిపోతుంది. అదీ మార్చేశారు. రెండో చక్రం దగ్గరా ఇదే పని, ఇంతే ఓపికతో. ఒకవైపే మారిస్తే బండి పక్కకు లాగుతుంది.

నట్లు ఎదురెదురుగా, టార్క్ రెంచితో. తాళం తిప్పకముందే పెడలును పదేపదే తొక్కి గట్టిపడేలా చేశారు. ఇది మరిచి గేరు వేస్తే మొదటి తొక్కుడుకు బండి ఆగదు.

తర్వాత మేస్త్రి తానే రద్దీ లేని రోడ్డు మీదికి తీసుకెళ్లాడు. అరవై నుంచి పదికి, పూర్తిగా ఆపకుండా, కొంచెం కొంచెం వ్యవధి ఇస్తూ మళ్లీ మళ్లీ. ప్యాడు పొర డిస్కు మీద చుట్టూ సమంగా పట్టాలంటే ఇదే దారి. వేడిగా ఉండగా పెడలు నొక్కి పట్టుకు నిలబడితే ఆ ఒక్కచోటే మచ్చ పడుతుంది. తిరిగొచ్చి స్టీరింగు ఓనరు చేతికిచ్చాడు.

"రెండు మూడొందల కిలోమీటర్లు గట్టిగా తొక్కకండి సార్. కొండ దిగేటప్పుడు మాత్రం ఎప్పుడైనా సెకండు గేరే."

బిల్లులో నాలుగు గీతలు పడ్డాయి: డిస్కులు, ప్యాడ్లు, ఆయిల్, లేబర్. హబ్ మీద గీకిన ఇరవై నిమిషాలకు విడిగా గీత లేదు. మీ బండి బ్రేకులు మార్పించే రోజు దగ్గర నిలబడి ఆ పని జరుగుతోందో లేదో చూడండి. జరగకపోతే అడగండి. చేసే మేస్త్రి దొరికితే లేబర్ దగ్గర బేరమాడకండి. లోయ పక్కన మలుపులో మీ ఇంటిల్లిపాదినీ నిలబెట్టేది ఆ పనే.