ఫలితాన్ని బట్టి కూలి

ఉపాధ్యాయునికి ప్రోత్సాహకం చూపిస్తే చదువు బాగుపడుతుందా అన్న ప్రశ్న కొత్తది కాదు. రాయలసీమ వీధిబడి పంతులు నూటయాభై ఏళ్ల కిందటే ఆ ప్రశ్నకు గురి అయినాడు.

1822లో మన్రో మద్రాసు ప్రెసిడెన్సీలోని బడుల లెక్క అడిగినప్పుడు కడప జిల్లాలో 494 బడులు తేలాయి. వాటి పంతుళ్లను ప్రధానంగా పోషించింది సర్కారు కాదు, పిల్లల తల్లిదండ్రులు. ఇంగ్లండు సరుకు దిగి చేతిపనివాళ్ల రాబడి చితికిపోయిందనీ, పిల్లలను చదివించుకునే స్తోమతు జనానికి తగ్గుతున్నదనీ పొరుగున బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823లో ఒప్పుకున్నాడు. కంపెనీ ఉద్యోగి మాట గనుక దీనికి విలువ ఎక్కువ.

ఇంగ్లండులో రాబర్ట్ లో 1862లో బడుల గ్రాంటును పరీక్షా ఫలితాలకు ముడిపెట్టాడు. స్వయంగా బడుల ఇన్‌స్పెక్టరైన కవి మాథ్యూ ఆర్నాల్డ్ అది చదువును యాంత్రికం చేస్తుందని ఎదిరించాడు. అయినా ఆ దశాబ్దం ముగిసేలోగా అదే పద్ధతి మద్రాసుకు దిగుమతి అయింది. ఇన్‌స్పెక్టరు వస్తాడు, చదవడం, రాయడం, లెక్కలు పరీక్షిస్తాడు, తప్పిన పిల్లవాడి పేర పంతులుకు దక్కేది లేదు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఉన్నత పాఠశాలలకు సర్కారు ఇచ్చింది ప్రధానంగా జీతాల గ్రాంటు. అంటే ఉపాధ్యాయుని జీతంలో కొంత భాగాన్ని తానే భరించింది. ఫలితాల గ్రాంటు వీధిబడికి. కలిగినవారి పిల్లల గురువుకు జీతం, పేదల పిల్లల గురువుకు ముక్కకూలి! 1882లో హంటర్ కమిషన్ కూడా ప్రాథమిక విద్యకు ఈ పద్ధతినే సిఫారసు చేసింది. 1876-78 నాటి ధాత కరువు కడప, కర్నూలు, బళ్ళారి సీమలను ఊడ్చిపెట్టిన కొద్ది ఏళ్లకే ఈ సిఫారసు! బిడ్డలు గంజికేంద్రం దగ్గర ఉంటే పరీక్షకు కూర్చునేదెవరు? వాన రాకపోతే కోత పడేది పంతులు కూటిలోనే. చివరకు కర్జన్ ప్రభుత్వమే 1904 విద్యా తీర్మానంలో ఈ పద్ధతిని తప్పుపట్టింది.

నూరేళ్ల తరువాత, 2005లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ మరో ప్రయోగం మొదలుపెట్టారు. సగటు మార్కుల పెరుగుదల 5 శాతం దాటాక ప్రతి శాతానికీ 500 రూపాయల బోనసు. ప్రపంచబ్యాంకు చెయ్యి ఉన్నదని దీన్ని అవతలకు నెట్టడం సరికాదు. రెండేళ్లలో లెక్కల్లోనూ తెలుగులోనూ పిల్లలు నిజంగానే ముందుకు వచ్చారు. బోనసు లేని సామాన్య, సాంఘిక శాస్త్రాల్లోనూ నష్టపోలేదు. అయితే ఉపాధ్యాయుల గైరుహాజరు తగ్గలేదు. వచ్చినవాళ్లే అదనపు తరగతులు తీసుకున్నారు, ఇంటిపని ఎక్కువ ఇచ్చారు.

మరి ఆనాడు చెడింది ఈనాడు ఎందుకు ఫలించింది? ఈసారి జీతం జీతంగానే ఉన్నది, బోనసు దానిపైన. కొలిచింది కూడా పిల్లవాడు ఎక్కడినుంచి ఎక్కడికి వచ్చాడన్నది, గట్టెక్కాడా లేదా అన్నది కాదు.

హైస్కూలుకు ఇదే పద్ధతి తెస్తామనేవారు ఈ రెండో సంగతి మరచిపోతారు. పదో తరగతి పరీక్ష చివరి మార్కునే చెబుతుంది, మొదటి మెట్టును చెప్పదు. ఉత్తీర్ణతా శాతం మీద బహుమతి కడితే, ప్రొద్దుటూరు పట్టణంలో ట్యూషన్లు చదివిన పిల్లల మాస్టారూ, వేరుశనగ పెరికే రోజుల్లో సగం బెంచీలు ఖాళీ అయ్యే మెట్ట ఊరి మాస్టారూ ఒకే కాటాలో తూగాలి. రెండోవాడు చేయగలిగిందల్లా ఆ ఊరినుంచి బదిలీకి అర్జీ పెట్టుకోవడం.